చుక్క ఎక్కడిదో ముందు తేల్చండి: పాత పడవ గీజర్‌పై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పాత తెరచాప పడవల్లో వేడినీళ్ల గీజర్ గురించి వచ్చిన ఉత్తరాలన్నీ ఒకచోట చేర్చి ఈ నెల జవాబులిస్తున్నాం. కొత్తగా చదివేవారికి ఒక్క మాట. పడవ గీజర్‌ను రెండు రకాలుగా వేడి చేయొచ్చు. రేవులో కట్టినప్పుడు ఒడ్డు కరెంటుతో లోపలి ఎలిమెంట్ వేడెక్కుతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు దాన్ని చల్లబరిచే ద్రవం (కూలంట్) గీజర్ ట్యాంకులోని కాయిల్ గుండా తిరిగి నీళ్లను కాస్తుంది. మంచినీళ్లు, కూలంట్, కరెంటు ఒకే డబ్బాలో పక్కపక్కన ఉంటాయి కాబట్టి, ఒకదాని జబ్బు ఇంకోదాని లక్షణంగా బయటపడుతుంటుంది.

ప్రశ్న: మా పడవ 1980లలో కట్టినది, 34 అడుగులు. గీజర్ 22 లీటర్లు. ఇంజిన్ గంటసేపు నడిస్తే గీజర్ కింద అరలీటరు దాకా నీళ్లు చేరుతున్నాయి. ట్యాంకు చిల్లుపడిందని, మార్చేయమని అంటున్నారు. నిజమేనా?

జవాబు: అరలీటరు అన్నారు కదా, ఆ లెక్కే అసలు సంగతి చెబుతోంది. నీళ్లు 15 డిగ్రీల నుంచి 75 డిగ్రీలకు వేడెక్కితే పరిమాణం దాదాపు రెండున్నర శాతం పెరుగుతుంది. 22 లీటర్లకు అది అరలీటరు పైచిలుకు. చన్నీళ్లు లోపలికి వచ్చే దారిలో నాన్-రిటర్న్ వాల్వు ఉంటుంది కాబట్టి, పెరిగిన నీళ్లు వెనక్కి పోలేవు. కుళాయిలు మూసి ఉంటే ముందుకూ పోలేవు. అప్పుడు ప్రెషర్ రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఆ కాస్తా బయటికి వదులుతుంది. అది దాని పని. గోటితో పోయేదానికి గొడ్డలి తీయకండి.

అయినా ఊహ మీద వదిలేయొద్దు, పరీక్షించి చూడండి. గీజర్ పూర్తిగా చల్లారాక చుట్టూ తుడిచి పొడిగా చేయండి. రిలీఫ్ వాల్వు మూతి, చన్నీళ్ల జాయింటు, వేడినీళ్ల జాయింటు, ఎలిమెంట్ గ్యాస్కెట్, ఈ నాలుగు చోట్లా టిష్యూ కాగితం చుట్టండి. నీళ్ల పంపు వేసి, వేడి చేయకుండా గంటసేపు ఉంచండి. చల్లగా ఉన్నప్పుడే కాగితం తడిస్తే ఆ జాయింటే దొంగ. వేడి చేశాక వాల్వు దగ్గర మాత్రమే తడిస్తే అది పరిమాణం పెరగడం వల్ల వచ్చిన నీరు. నాలుగు కాగితాలూ పొడిగా ఉండి, బయటి రేకు తొడుగు అడుగు మూల నుంచి నీళ్లు జారుతుంటే మాత్రం మీకు చెప్పినవాళ్ల మాటే నిజం. ట్యాంకు లోపల పోయింది. నడుమనున్న ఫోమ్ నీళ్లు పీల్చుకుని, నిండాక అడుగు నుంచి వదులుతుంది. చిల్లు పైనెక్కడో ఉన్నా చుక్క కిందే కనిపిస్తుంది. అలాంటి ట్యాంకుకు ఎపాక్సీ పూయడం, వెల్డింగు పెట్టించడం దండగ. వేడికి, ఒత్తిడికి ఆ అతుకు నిలవదు. ఒకచోట పలచబడ్డ లోహం పక్కనా పలచబడే ఉంటుంది.

పరిమాణం పెరగడమే కారణమైతే పెరిగిన నీళ్లకు చోటిచ్చే, లోపల గాలి నింపిన లీటరు, రెండు లీటర్ల చిన్న ఎక్స్‌పాన్షన్ ట్యాంకు ఒకటి పెట్టండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: దాన్ని పంపు పక్కన పెడతారు. నాన్-రిటర్న్ వాల్వుకు ఆ వైపున పెడితే గీజర్‌లోని నీళ్లు దాని దాకా రావు. వాల్వుకూ గీజర్‌కూ మధ్యన గానీ, వేడినీళ్ల లైనులో గానీ ఉండాలి. వేడి వైపు పెడితే ఆ వేడిని తట్టే రకమే కొనాలి. గాలి నింపేటప్పుడు పంపు ఆపి, కుళాయి తెరిచి, పంపు మొదలయ్యే ఒత్తిడికన్నా కొంచెం తక్కువ పెట్టండి.

వాల్వు చల్లగా ఉన్నప్పుడు కూడా కారుతూనే ఉంటే దాని సీటు మీద సున్నపు పొర గానీ ఇసుక రేణువు గానీ ఉన్నట్టు. మీటను నాలుగైదు సెకన్లు ఎత్తి వదిలితే చాలాసార్లు కొట్టుకుపోతుంది. నీళ్లు చల్లారాకే ఎత్తండి. అప్పటికీ ఆగకపోతే వాల్వు మార్చండి. కొత్తది గీజర్ ప్లేటు మీద రాసిన ఒత్తిడికే ఉండాలి. కొన్ని పడవ గీజర్లకు 3 బార్, కొన్నింటికి 6 బార్, అమెరికన్ రకాల్లో చాలావాటికి 75 పీఎస్ఐ. దానికి బిరడా మాత్రం ఎన్నడూ కొట్టకండి. థర్మోస్టాట్ ఇరుక్కుపోయిన రోజున ట్యాంకు పేలకుండా ఆపే చివరి కాపలా అదే.

ప్రశ్న: ఇంజిన్‌తో నీళ్లు బాగానే కాగుతాయి. ఒడ్డు కరెంటుతో ఒక్కోసారి అసలు వేడెక్కదు, ఒక్కోసారి స్విచ్ వేయగానే ఆర్‌సీడీ (కరెంటు లీకైతే సరఫరా తెంపే రక్షణ స్విచ్) పడిపోతుంది. ఎలిమెంట్ మార్చాలా?

జవాబు: ఇవి రెండు వేర్వేరు రోగాలు.

అసలు వేడెక్కకపోవడం ఇంజిన్ నడిపిన తర్వాతే జరుగుతోందా గమనించండి. ఇంజిన్ కూలంట్ 80 నుంచి 90 డిగ్రీల దాకా ఉంటుంది. ట్యాంకు నీళ్లు కూడా దాదాపు అంత వేడికి చేరాయంటే థర్మోస్టాట్ పక్కనున్న అతివేడి రక్షణ స్విచ్ ఎగిరిపోతుంది. అది తనంతట తాను తిరిగి పడదు. కరెంటు పూర్తిగా తీసి, మూత విప్పి, చిన్న బొత్తాం నొక్కాలి. టక్‌మని చప్పుడు వస్తే మీ ఎలిమెంట్‌కు ఏ జబ్బూ లేనట్టే.

ఆర్‌సీడీ పడిపోవడం లీకేజీ వల్ల. ఒడ్డు కేబుల్‌నే పీకేయండి, బ్రేకరు దించడంతో సరిపెట్టుకోవద్దు. ఇన్వర్టరు ఉంటే అదీ ఆపండి. మీటరుతో కరెంటు లేదని తేల్చుకున్నాక ఎలిమెంట్ రెండు తీగలూ విప్పి కొలవండి. 230 వోల్టుల 1200 వాట్ల ఎలిమెంట్‌కు సుమారు 44 ఓమ్‌లు, 750 వాట్లదానికి 70, 120 వోల్టుల 1500 వాట్లదానికి 9.6 రావాలి. తర్వాత ఒక్కో పిన్నుకూ ట్యాంకు లోహానికీ మధ్య చూడండి. అక్కడ మీటరు కదలకూడదు. మామూలు మీటరు ఏమీ చూపకపోయినా నమ్మకం లేకపోతే 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్‌ను పరీక్షించే మీటరు) పెట్టించండి. 1 మెగాఓమ్‌కు తగ్గితే ఎలిమెంట్ తొడుగు పగిలి తేమ దిగినట్టు. ఒకటి మరిచిపోకండి: ఎలిమెంట్ బాగుండి, మూత కింద పిన్నుల మీద ఉప్పు తేమ పట్టినా ఇదే జరుగుతుంది. ముందు తుడిచి ఆరబెట్టి మళ్లీ కొలవండి.

ఎలిమెంట్ మార్చాల్సివస్తే ట్యాంకు ఖాళీ చేసి, కొత్త గ్యాస్కెట్‌తో బిగించండి. మరతో బిగించే అమెరికన్ రకానికి ఒకటిన్నర అంగుళాల సాకెట్ సరిపోతుంది. ట్యాంకు నింపేటప్పుడు వేడినీళ్ల కుళాయి తెరిచే ఉంచండి. గాలి తుంపర్లు ఆగి, ధార నిలకడగా వచ్చాకే కరెంటు. నీళ్లు లేని ఎలిమెంట్ నిమిషం కూడా బతక్కపోవచ్చు. కొత్త ఎలిమెంట్లు మొదటి రోజే కాలిపోవడానికి ఎక్కువగా ఈ తొందరే కారణం.

ప్రశ్న: 120 వోల్టుల గీజర్ ఉన్న పడవను 230 వోల్టుల రేవులో కట్టి వాడుకోవచ్చా?

జవాబు: వద్దు. వోల్టేజి రెట్టింపు అయితే వాట్లు నాలుగింతలు. 1500 వాట్ల ఎలిమెంట్ 5500 వాట్లు లాగబోతుంది. ఎలిమెంట్, థర్మోస్టాట్, బ్రేకరు మూడూ 230 రకానివి వేసుకోండి. తీగ పాతదైనా మందం సరిపోవచ్చు, ఇన్సులేషన్ రేటింగు మాత్రం చదివి చూసుకోండి. తిరగేసి, 230 వోల్టుల 1200 వాట్ల ఎలిమెంట్‌ను 120లో పెడితే 330 వాట్లు కూడా రాదు. కాలదు గానీ నీళ్లు గోరువెచ్చనయ్యేసరికి తెల్లారుతుంది.

ప్రశ్న: వేడినీళ్లు కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తున్నాయి. చన్నీళ్లు బాగానే ఉన్నాయి.

జవాబు: చన్నీళ్లు బాగున్నాయంటే తప్పు గీజర్‌ది, నీళ్ల ట్యాంకుది కాదు. కదలకుండా నిలిచిన నీళ్లలో సల్ఫేటును సల్ఫైడుగా మార్చే బ్యాక్టీరియా పెరిగి హైడ్రోజన్ సల్ఫైడు వాయువు పుడుతుంది. మీ గీజర్‌లో మెగ్నీషియం ఆనోడ్ కడ్డీ (ట్యాంకు బదులు తాను కరిగి దాన్ని తుప్పు నుంచి కాపాడేది) ఉంటే అది ఈ పనికి ఇంకా సాయపడుతుంది.

సువాసన కలపని 5 శాతం బ్లీచ్‌ను లీటరు నీటికి 1 మిల్లీలీటరు చొప్పున, అంటే 100 లీటర్ల మంచినీళ్ల ట్యాంకుకు 100 మిల్లీలీటర్లు కలపండి. వేడి, చల్ల కుళాయిలన్నీ క్లోరిన్ వాసన వచ్చేదాకా తెరిచి మూయండి. నాలుగు గంటలు ఉంచి, పూర్తిగా వదిలేసి, రెండుసార్లు మంచినీళ్లతో కడగండి. అల్యూమినియం ట్యాంకైతే రాత్రంతా వదిలేయకండి, క్లోరిన్ దాన్ని తింటుంది. సున్నపు పొర పోవాలని అదే సమయంలో వెనిగర్ పోయడం ప్రమాదం, విషవాయువు పుడుతుంది. రెండూ చేయాలనుకుంటే మధ్యలో బాగా కడిగి వేరే రోజు చేయండి.

వాసన మళ్లీ మళ్లీ వస్తుంటే మెగ్నీషియం బదులు అల్యూమినియం-జింక్ కడ్డీ వేసి చూడండి. అసలు కడ్డీయే తీసేసి బిరడా కొట్టేవారున్నారు. లోపల గాజు పూత ఉన్న ఉక్కు ట్యాంకుకు అది మరణశాసనం. పూతలో ఎక్కడో ఒక వెంట్రుకంత పగులుంటుంది, కడ్డీ లేకపోతే తుప్పు సరాసరి అక్కడికే వెళుతుంది. ఏడాదికోసారి కడ్డీని విప్పి చూడండి. సగానికి మించి కరిగినా, లోపలి ఇనుప తీగ బయటపడినా మార్చండి. మరల మీద టేపు మందంగా చుట్టొద్దు, కడ్డీకీ ట్యాంకుకూ లోహం తగిలితేనే అది పనిచేస్తుంది.

ప్రశ్న: ఇంజిన్ హెడర్ ట్యాంకు (కూలంట్ పోసే పై డబ్బా) పొంగి కూలంట్ బయటికి పోతోంది. నేనేమీ పోయకపోయినా మట్టం పెరుగుతోంది. సిలిండర్ హెడ్ గ్యాస్కెట్ పోయిందంటారా?

జవాబు: ఇంజిన్ విప్పకముందు గీజర్ కాయిల్‌ను అనుమానించండి. మంచినీళ్ల పంపు ఒత్తిడి 2.5 నుంచి 4 బార్. ఇంజిన్ కూలంట్ ఒత్తిడి మహా అయితే 1 బార్. కాయిల్‌కు సూదిమొన చిల్లు పడితే మంచినీళ్లే కూలంట్‌లోకి తోసుకుపోతాయి. ఇంజిన్ ఆపి, నీళ్ల పంపు మాత్రం వేసి ఉంచండి. అప్పుడూ మట్టం పెరిగితే కాయిల్‌దే తప్పు.

దీని రెండో ముఖం ఇంకా చెడ్డది. పంపు ఆపి ఇంజిన్ నడిపితే ఒత్తిడి తిరగబడి కూలంట్ మంచినీళ్లలోకి వస్తుంది. సాధారణ కూలంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం, రుచి కాస్త తియ్యగా ఉండడం వల్ల పసిగట్టడమూ కష్టం. అనుమానం వచ్చిన క్షణం నుంచి ఆ వేడినీళ్లు నోటికి, గిన్నెలకు వాడకండి.

ఖాయం చేసుకోవాలంటే చల్లారిన ఇంజిన్ నుంచి వచ్చే రెండు హోసులూ గీజర్ దగ్గర విప్పి, కాయిల్ ఒక కొస మూసి, రెండో కొసకు చేతిపంపుతో 1 బార్ గాలి పెట్టండి. ముందుగా నీళ్ల పంపు ఆపి, కుళాయి తెరిచి ట్యాంకు ఒత్తిడి తీసేయండి. పది నిమిషాల్లో ముల్లు దిగిందా, చిల్లు ఉన్నట్టే. అంతదాకా పడవ నడవాలి కదా: విప్పిన రెండు హోసుల్నీ ఒకదానికొకటి కలిపే ముక్క వేసి బిగిస్తే ఇంజిన్‌కు ఏ ఇబ్బందీ ఉండదు. 16 మిల్లీమీటర్లదో 19దో, మీ హోసుకు సరిపోయే ముక్క ఒకటి, క్లిప్పులు నాలుగు పనిముట్ల పెట్టెలో ఎప్పుడూ ఉండాలి. కాయిల్‌ను బాగుచేయడం కుదరదు, గీజర్ మార్చాల్సిందే. కొత్తది పెట్టాక ఇంజిన్ తయారీదారు ఒప్పుకుంటే ప్రొపిలీన్ గ్లైకాల్ రకం కూలంట్ పోయండి.

ప్రశ్న: సరే, మార్చాల్సిందేనని తేలింది. పాతది లాకరు (పడవలో సామాను అర) నోట్లోంచి బయటికే రావడం లేదు. ఎంత సైజు కొనాలి, ఎలా పెట్టాలి?

జవాబు: చాలా పాత పడవల్లో గీజర్‌ను పెట్టాకే చుట్టూ చెక్కపని చేశారు, అందుకే రాదు. దానికోసం గోడ చెక్క కోయకండి, ఆ చెక్క పడవకు ఎముక కావచ్చు. పాతదాన్నే అక్కడే చిన్నది చేయండి. రేకు తొడుగును కత్తెరతో చీల్చి, ఫోమ్ గీకేస్తే రెండు వైపులా కలిపి అయిదారు సెంటీమీటర్లు తగ్గుతుంది. అదే కొత్తదాని సైజును కూడా నిర్ణయిస్తుంది. కొత్తదానికి ఫోమ్ గీకలేరు కదా. లాకరు నోటిని అడ్డంగా, నిలువుగా, ఐమూలగా కొలిచి, అట్టపెట్టెతో గీజరంత నమూనా చేసి, లోపలికి దూర్చి తిప్పి చూడండి. కాయిల్ నిపిల్స్ (హోసు తగిలించే గొట్టపు మూతులు) ఏ వైపున్నాయో కూడా అట్టమీద గీయండి. లోపలికి వెళ్లాక హోసు గోడకు తగులుతోందని తెలిస్తే చేసేదేమీ ఉండదు.

సైజు విషయంలో మా సలహా: చోటుంది కదా అని 40 లీటర్లది కొనకండి. ట్యాంకు నీళ్లు 75 డిగ్రీలున్నప్పుడు 15 డిగ్రీల చన్నీళ్లతో కలిపితే 22 లీటర్లే 40 డిగ్రీల స్నానపు నీళ్లు 50 లీటర్ల దాకా ఇస్తుంది. కరెంటుతో 60 డిగ్రీలకు కాచితే 40 లీటర్లు. 15 నుంచి 60కి రావడానికి 1200 వాట్లతో సుమారు గంట, 750 వాట్లతో గంటన్నర పడుతుంది. ఇద్దరు ముగ్గురికి ఇది చాలు.

విప్పే క్రమం: ఒడ్డు కేబుల్ పీకాలి, నీళ్ల పంపు ఆపాలి, వేడినీళ్ల కుళాయి తెరవాలి, ట్యాంకు డ్రెయిన్ చేయాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలంట్ హోసులు రెండింటినీ నొక్కుడు క్లాంపులతో బిగించి, కింద గిన్నె పెట్టి విప్పండి. ఏ హోసు ఎక్కడిదో టేపు అంటించి రాసుకోండి.

కూర్చోబెట్టే చోటు మీద ఓపిక పట్టండి. నీళ్లతో కలిపి 35 కిలోల బరువు, 30 డిగ్రీలు వాలినప్పుడు, అల తన్నినప్పుడు కూడా కదలకూడదు. చెక్క మరలు కాదు, ఆరపార వెళ్లే బోల్టులు, కింద వెడల్పు వాషర్లు. పాత మరల రంధ్రాలను ఎపాక్సీతో పూడ్చండి. కాళ్ల కింద రెండు సెంటీమీటర్ల పట్టీలు పెడితే అడుగున గాలి ఆడుతుంది. తడి ప్లైవుడ్ మీద నేరుగా కూర్చున్న గీజర్లకు తుప్పు కింది నుంచే మొదలవుతుంది.

ఇక ఫిట్టింగులు. అర అంగుళం బీఎస్‌పీ (బ్రిటిష్ కొలత), అర అంగుళం ఎన్‌పీటీ (అమెరికన్ కొలత) మరలు రెండింటికీ అంగుళానికి 14 చుట్లే. చేతితో తిప్పితే ఒకదాంట్లో ఇంకొకటి హాయిగా ఎక్కుతుంది. కానీ మర కోణం ఒకదానిది 55 డిగ్రీలు, రెండోదానిది 60. టేపు ఎంత చుట్టినా కారుతూనే ఉంటుంది, గట్టిగా బిగిస్తే ట్యాంకు నిపిల్ వెల్డింగు పగులుతుంది. యూరప్ గీజర్, అమెరికన్ పడవ అయినప్పుడు ముందు ఇదే చూసుకోండి. అల్యూమినియం ట్యాంకుకు ఇత్తడి నేరుగా బిగించొద్దు. రెండు లోహాలు కలిసినచోట అల్యూమినియం పొడిగా రాలిపోతుంది. మాన్యువల్‌లో చెప్పిన లోహమే వాడండి. బిగించేటప్పుడు ట్యాంకు వైపు నిపిల్‌ను ఇంకో స్పానర్‌తో పట్టుకోవడం తప్పనిసరి.

వేడినీళ్ల కొసన, తగినంత చన్నీళ్లు కలిపి వదిలే థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వు పెట్టి 50 డిగ్రీల దగ్గర ఉంచండి. 60 డిగ్రీల నీళ్లు అయిదు సెకన్లలో చర్మాన్ని లోతుగా కాలుస్తాయి. ఇంజిన్ కాచిన నీళ్లు దానికి పైమాటే. హోసులు 90 డిగ్రీలకు, మీ పంపు ఒత్తిడికి తట్టుకునేవై ఉండాలి. మామూలు పీవీసీ హోసు వేడికి మెత్తబడి క్లిప్పులోంచి జారిపోతుంది, అప్పుడు పంపు మంచినీళ్లన్నీ బిల్జ్‌లో (పడవ అడుగున) పోస్తుంది. రిలీఫ్ వాల్వు నుంచి గొట్టం కిందికే వాలుగా, నడుమ ఏ కుళాయీ లేకుండా, కంటికి కనిపించేచోట తెరుచుకోవాలి. అక్కడ ఒక సీసా కట్టుకుంటే ఎంత కారిందో లెక్క తెలుస్తుంది.

చివరికి చన్నీళ్లతో నింపి గంటసేపు చూడండి. ఏ కుళాయీ తెరవకుండా పంపు తనంతట తాను మోగితే ఎక్కడో లీకుంది. అది తేలాక ఇంజిన్‌తో వేడి, ఆ తర్వాతే కరెంటు.

ప్రశ్న: కొత్త గీజర్ పెట్టాక ఇంజిన్ గంట నడిచినా నీళ్లు గోరువెచ్చగానే ఉన్నాయి.

జవాబు: కాయిల్‌లో గాలి ఇరుక్కుంది. ఒక హోసు మండిపోతూ, రెండోది చల్లగా ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. గీజర్ ఇంజిన్ హెడర్ ట్యాంకు కన్నా ఎత్తులో ఉంటే గాలి పైన చేరి దిగదు. హోసులు ఎక్కడా ఒంటె మూపురంలా లేవకుండా సర్ది, కాయిల్‌ను గరాటుతో కూలంట్ పోసి నింపాకే కలపండి. అప్పటికీ గాలి చేరుతుంటే అన్నిటికన్నా ఎత్తున ఇంకో హెడర్ ట్యాంకు పెట్టాలి. ఒత్తిడి మూత దానికి, ఇంజిన్ మీద మామూలు గట్టి మూత. అప్పుడు ఒత్తిడి పైనున్న మూత దగ్గరే విడుదలవుతుంది.

రెండు హోసులూ వేడిగా ఉండి నీళ్లు కాగకపోతే మిక్సింగ్ వాల్వు మరీ తక్కువకు తిప్పి ఉందేమో చూడండి. నవ్వకండి, ఇది తరచూ జరిగేదే.

ప్రశ్న: మా ఇంజిన్ సముద్రపు నీళ్లతోనే చల్లబడేది. దానికి కాయిల్ కలపొచ్చా?

జవాబు: కలపొచ్చు గానీ పెద్ద ఫలితం ఆశించకండి. ఉప్పు పేరుకోకుండా అలాంటి ఇంజిన్లను 50, 60 డిగ్రీల దగ్గరే నడుపుతారు. గీజర్ నీళ్లు అంతకన్నా వేడెక్కవు. కాయిల్ ఉప్పునీటికి తట్టుకునే రకమేనని తయారీదారు రాసి ఇస్తేనే కలపండి. లేదంటే కరెంటు ఎలిమెంట్‌తో సరిపెట్టుకోవడం మేలు.

ప్రశ్న: గడ్డకట్టే చలికాలంలో పడవ ఒడ్డున ఉంటుంది. గీజర్‌ను ఏం చేయాలి?

జవాబు: ఖాళీ చేయండి. డ్రెయిన్ తెరిచి, రిలీఫ్ వాల్వు మీట ఎత్తి గాలి లోపలికి రానివ్వండి, చుక్క లేకుండా దిగుతుంది. డ్రెయిన్ అలాగే తెరిచి ఉంచండి. చన్నీళ్ల హోసును వేడినీళ్ల హోసుకు నేరుగా కలిపి, తాగునీటి గొట్టాలకు పనికొచ్చే ప్రొపిలీన్ గ్లైకాల్‌ను మిగతా లైన్లలో నడపండి. గీజర్‌ను తప్పించకపోతే 22 లీటర్ల గ్లైకాల్ దాని పొట్ట నింపడానికే పోతుంది. కాయిల్‌లో ఉండేది ఇంజిన్ కూలంటే కాబట్టి సగానికి సగం పాళ్లలో ఉంటే అక్కడ భయం లేదు. ఉప్పునీటి కాయిలైతే దాన్నీ ఖాళీ చేయాలి. గీజర్ బ్రేకరు దించి, దానిమీద 'ట్యాంకు ఖాళీ' అని టేపు అంటించండి. ట్యాంకు నింపాకే ఆ టేపు తీయండి.